ద్యూవే చెక్కిన ‘ప్రకటన’ బొమ్మలు: డ్యూరర్‌కు కాపీనా, సొంత చూపా?

రాగిరేకు:
ఫ్రాన్సులో లాంగ్ర్ ఊరి కంసాలి ఝాన్ ద్యూవే. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథానికి రాగిరేకుల మీద 23 బొమ్మలు చెక్కాడు, 1561లో లియోన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. అదే గ్రంథానికి 1498లోనే జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 15 చెక్క అచ్చులు వేసి ఉన్నాడు. ద్యూవే వాటిని చూసే చేశాడనడంలో పేచీ లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తా: చూసి చేశాడు, చేతకాక ఇరికించేశాడు. నలుగురు రౌతుల బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టండి. డ్యూరర్ గుర్రాలు దూసుకుపోతుంటాయి. ద్యూవే దగ్గర ఏ కాలు ఎవరిదో వెతుక్కోవాలి.

చూపరి:
ఇరుకు నిజమే, చేతకాకపోవడం కాదు. డ్యూరర్ తెల్ల కాగితాన్ని ఆకాశంగా వదిలేస్తాడు. ద్యూవే 1509కే దిజోన్‌లో కంసాలిపనిలో మాస్టర్ అయినవాడు, తర్వాత ఇద్దరు రాజులకు పనిచేశాడు. నగిషీకి అలవాటుపడిన ఆ చెయ్యి ఖాళీ రేకును చూసి ఊరుకోదు.

ఆదివారం_పాఠం:
అసలు గ్రంథం తెరిచి చూడండి. ఏడు ముద్రలు, ఆపైన ఏడు బూరలు, ఆపైన ఏడు పాత్రలు. చదివేవాడికి ఊపిరాడదు. పదో అధ్యాయంలో దూత పాదాలు అగ్నిస్తంభాల్లా ఉన్నాయని ఉంటే డ్యూరర్, ద్యూవే ఇద్దరూ కాళ్ల బదులు స్తంభాలే వేసేశారు! ఆ దర్శనాన్ని చూసి రాసిన యోహాను ఆ దూత చేతిలోని పుస్తకాన్ని తినడం కూడా ఉన్నదున్నట్టే. ఇంత గందరగోళమైన దర్శనాన్ని నీట్‌గా సర్ది చూపిస్తే నాకైతే నమ్మబుద్ధి కాదు.

రాగిరేకు:
ఇవన్నీ సాకులండీ. మొదటి రేకులో ఆయనే చెక్కుకున్నాడు కదా, చేతులు వణుకుతున్నాయి, చూపు తప్పుతోంది అని. ఇంకేం సాక్ష్యం కావాలి?

నల్లసిరా:
ఆ లాటిన్ వాక్యాన్ని సగంలో తుంచేశారు. మనసు మాత్రం ఓడలేదు, గొప్ప పనికి పురమాయిస్తోంది అన్నది మిగతా సగం. అదే రేకులో గడ్డం ముసలాయన యోహానులా బల్ల ముందు కూర్చుని ఉంటాడు. పేరు, కంసాలినన్న మాట, వయసు 70, ఏడాది 1555, అన్నీ పలక మీద చెక్కి ఉన్నాయి. అచ్చులో సరిగ్గా పడాలంటే రాగి మీద ప్రతి అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. నిజంగా చెయ్యి వణికి చూపు పోయినవాడికి అది సాధ్యమా? ముసలితనం గురించి కాస్త కవిత్వం చెప్పుకున్నాడంతే.

చూపరి:
ఈయన జెనీవా వెళ్లి ప్రొటెస్టెంటు అయ్యాడంటారే, ఆ కోణం ఏమైనా ఉందా?

నల్లసిరా:
జెనీవా రికార్డుల్లో ఉన్న ద్యూవే ఈయనేనా అన్నదే పండితుల మధ్య తేలలేదు. దాన్ని ఇందులోకి లాగొద్దు ప్లీజ్.

రాగిరేకు:
అక్షరాల పాయింటు బాగుంది. రౌతుల బొమ్మ మీద మాత్రం నా మాట మారదు. డ్యూరర్ నమూనా లేనిచోట ఏం చేశాడో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

ఆదివారం_పాఠం:
అయితే గ్రంథంలోని బబులోను నగరం పతనం చూడండి. డ్యూరర్ దాన్ని, ఆ నగరానికి ప్రతీకైన వేశ్య బొమ్మ వెనకాల దూరంగా మంటల్లో చూపించి వదిలేశాడు. ద్యూవే దానికోసం ఒక రేకే కేటాయించాడు. రాత్రికి లింకు పెడతా, పెద్దది చేసి చూశాకే తిట్టండి.