ఆర్ద్ర వెలుగు మార్పును కంటితో ఎలా అంచనా వేయాలి?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. ఆర్ద్ర నక్షత్రం (బెటెల్‌గ్యూస్) వెలుగును కంటితో చూసి రాసుకుంటున్నాను. 2020 ఫిబ్రవరిలో అది సుమారు 1.6 మాగ్నిట్యూడ్‌కి (వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తక్కువని అర్థం) మసకబారింది కదా, ధూళి మేఘం అడ్డురావడం, ఉపరితలంలో కొంత భాగం చల్లబడటం అందుకు కారణాలని చదివాను. దాని ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 కెల్విన్లే. లోపలి వేడి వాయువు పొంగి, చల్లారి, మళ్లీ దిగిపోతుంటుంది. అలాంటి ఒక్కో పొంగు సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్దదట! నాకైతే అన్నిటికన్నా అద్భుతం అదే.

రోహిణితో పోల్చుతున్నాను, రంగు దగ్గరగా ఉంటుందని. కానీ ఇక్కడ శీతాకాలం మంచు, రొయ్యల చెరువుల లైట్లు బాగా ఇబ్బంది. రెండూ వేర్వేరు ఎత్తుల్లో ఉన్నప్పుడు గాలి వల్ల తగ్గే వెలుగును ఎలా సరిచేయాలి? నక్షత్రం ఉబ్బి కుదించుకునే సుమారు 400 రోజుల మార్పు కంటి అంచనాల్లో తెలుస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.