ఓడెక్కిన పందికొక్కు

మొన్న ఒకాయన "ఇంగ్లీషులోకి తెలుగు నుంచి వెళ్ళిన మాటలు చెప్పండి" అని అడిగితే పూట తిరక్కముందే కాటమరాన్ (తెప్ప), చెరూట్ (చుట్ట), మలిగటానీ (మిరియాల చారు) అన్నీ వచ్చి పడ్డాయి. అవన్నీ తమిళం సొత్తు. మన చుట్టకు తమిళ చురుట్టు చుట్టమే గానీ ఇంగ్లీషువాళ్ళ ఓడెక్కింది మాత్రం ఆ చురుట్టే. నిఘంటువులు తెలుగు అని ఖాయంగా రాసే మాట ఒకటుంది, దాన్ని ఎవరూ రాయలేదు, పరువుతక్కువ అనుకున్నారేమో. పందికొక్కు. వాళ్ళ నోట్లో బాండికూట్.

మాది మిర్యాలగూడ దగ్గర. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా, సెలవుల్లో నేను సద్ది తీసుకుపోయేవాణ్ణి. ఒకరోజు గోదాంలో అట్టడుగు వరుస బస్తాలు లాగుతుంటే పిల్లి పిల్లంత ఎలుక బయటపడింది, ఒంటినిండా బిరుసు వెంట్రుకలు. హమాలీలు కర్రలతో మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని అచ్చం పందిలాగే గుర్రుమంది. సంచులు కుట్టే ఆయన చేతిలో దబ్బనంతోనే బస్తాల మీదికెక్కి కూర్చున్నాడు. కొక్కు ముందు పంది ఎందుకు చేరిందో నాకు ఆరోజే తెలిసింది.

పందికొక్కు బాండికూట్ ఎట్లయిందంటే, ఇంగ్లీషువాళ్ళకు మన దకారం లేదు, హైదరాబాద్‌ను హైడరబాడ్ అన్నట్టే ఇక్కడా డ పెట్టారు. ఇక ప సంగతి: పెన్ అనేటప్పుడు వాళ్ళు ప మీద గాలి వదులుతారు, అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే తగులుతుంది కూడా. మనం వదలం. గాలి లేని మన ప వాళ్ళ చెవికి బ లాగా వినపడి ఉంటుందని నా లెక్క.

అసలు తమాషా తర్వాత జరిగింది. ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియా చేరాక అక్కడ మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వుకునే జంతువు కనపడితే దానికీ ఇదే పేరు తగిలించారు. అది ఎలుకే కాదు, కంగారూలాగా సంచిలో పిల్లల్ని మోసే జాతి. పైగా దాని సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. ఇప్పుడు ఉత్త బాండికూట్ అంటే లోకానికి అదే. మనదాన్ని విడిగా చెప్పాలంటే బాండికూట్ రాట్ అనాలట, అంటే పందికొక్కు ఎలుక! నిన్నమొన్న వచ్చినోడికి ఇంటిపేరు రాసిచ్చి, ఇంట్లోవాడికి తోక తగిలించారు. శాస్త్రవేత్తలు కాస్త నయం, బాండికోటా అనే ప్రజాతి పేరు మనదానికే ఉంచారు.

వ్యాఖ్య (నాగర్‌కర్నూల్ నుంచి): ముంగిస కూడా మనదే కదన్నా, మంగూస్? గోడౌన్ సంగతేంది? కిందికి దిగుతాం కాబట్టి గో డౌన్ అని మా సార్ చెప్పిండు.

జవాబు: తమ్మీ, మంగూస్ ఇంగ్లీషుకు మరాఠీ మీదుగా పోయింది. మూలం ద్రావిడమేనంటారు, సాక్ష్యానికి మన ముంగిసనే చూపిస్తారు, కానీ చేతికిచ్చింది మరాఠీ. పందికొక్కుకు ఆ పేచీ లేదు.

గో డౌన్ కథ మాత్రం నమ్మకు, మా మిల్లులో అందరూ బస్తా మోసుకుని పైకెక్కినవాళ్ళే. మన గిడ్డంగి, తమిళుల కిడంగు, మలయా వాళ్ళ గుదాంగ్ అన్నీ ఒక కుదురువే. పోర్చుగీసువాళ్ళ నోట పడి ఇంగ్లీషులో గోడౌన్ అయింది. మా మిల్లు బోర్డు మీద గోడౌన్, సర్కారు కాగితంలో గిడ్డంగి, హమాలీల నోట గోదాం. షెడ్డు ఒక్కటే. నాన్న తాళంచెవి అడిగితే మాత్రం "గోదాందా?" అనే అడిగేవాడు.