సాకేకి మన వరంగల్ వడ్లు పనికొస్తాయా?

ప్రశ్న (హన్మకొండ):
నర్సంపేట దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. బియ్యంతో చేసే జపాన్ మద్యం సాకేకి బయటి దేశాల్లో గిరాకీ పెరుగుతోంది. 2023లో దస్సాయ్ అనే జపాన్ సాకే కంపెనీ వాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోనే ఫ్యాక్టరీ తెరిచారు. జపాన్‌లో పేరున్న యమదానిషికి వరిని ఇప్పుడు అమెరికాలోని ఆర్కాన్సా రైతులు కూడా పండిస్తున్నారు. అక్కడ పండినప్పుడు మన దగ్గర ఎందుకు వద్దు?

జవాబు (జమ్మికుంట, మిల్లరు):
తమ్మీ, ముందు మర సంగతి చూడు. మనం సర్కారుకు క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం ఇస్తాం. సాకేలో మేలురకం దైగింజో. దానికి ముడిబియ్యాన్ని సగానికి సగం అరగదీయాలి. అంటే క్వింటాల్ వడ్లకు చేతికొచ్చేది 40 కిలోలు, అటూ ఇటుగా. గింజ వేడెక్కితే పగులుతుంది కాబట్టి నెమ్మదిగా తిప్పుతారు, ఒక్క లోడుకే రెండు రోజుల దాకా పడుతుంది. మన యాసంగి వడ్లు ఎండకు మామూలు మరలోనే నూకవుతాయి, ఆ అరగదీతకు ఎట్లా నిలుస్తాయి? సన్నాలైతే అసలే వద్దు. వాళ్లకు లావు గింజ కావాలి, నడుమ సున్నంలా తెల్లమచ్చ ఉండాలి. గింజలోని పిండిని చక్కెరగా మార్చే కోజీ అనే బూజు లోపలికి దిగేది అక్కడే. మన దగ్గర ఆ మచ్చ కనపడితే ధర కోస్తారు!

జవాబు (జగిత్యాల):
గిరాకీ మాట కూడా పూర్తిగా చూడాలి. 2024లో ఎగుమతులు సుమారు 4,350 కోట్ల యెన్లు, 80 దేశాలకు వెళ్లింది. 2022లో అంతకన్నా ఎక్కువే, 4,750 కోట్ల దాకా. జపాన్‌లో మాత్రం 1970ల నుంచి తాగేవాళ్లు తగ్గుతూనే వచ్చారు, అందుకే బయటి మార్కెట్ మీద అంత ఆశ. 2024 డిసెంబర్‌లో యునెస్కో గుర్తింపు వచ్చాక పేరు ఇంకా పెరిగింది. పైగా ఈమధ్య అక్కడ తినే బియ్యం ధర మండిపోయి, రైతులు సాకే వరి వదిలి అటు మళ్లుతున్నారు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మరి అరగదీసిన పిండి ఏం చేస్తారు?

జమ్మికుంట:
పైపొర తౌడు పశువుల దాణాకు పోతుంది. లోపలి తెల్లపిండితో బియ్యపు బిస్కెట్లు చేస్తారు. నాకైతే ఇదే అసలు కిటుకు అనిపిస్తుంది, సగం గింజ పోయినా రూపాయి పోదు. సాకే సంగతి తర్వాత, తెల్లపిండిని వేరుగా పట్టే ఏర్పాటు మీ మిల్లులో పెట్టగలవేమో లెక్క వెయ్యి. వరి రకం గురించైతే ములుగు రోడ్డులోని పరిశోధన స్థానంలో అడుగు.