జూమో 004 జెట్ ఇంజన్ 25 గంటలకే ఎందుకు అయిపోయేది?

మెకానికల్_కుర్రాడు:
ఫ్రెండ్స్ ఒక డౌట్. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జెట్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ మీ 262 (Me 262) గురించి చదువుతున్నా, దాంట్లో రెండు జంకర్స్ జూమో 004 ఇంజన్లు ఉంటాయి కదా, ఎక్కడ చూసినా వాటి లైఫ్ 10 నుంచి 25 గంటలే అని ఉంది. అదే టైంలో బ్రిటిష్ వాళ్ళ మీటియర్ జెట్ ఫైటర్‌లో ఉన్న వెల్లాండ్ ఇంజన్ 180 గంటల దాకా ఓవర్‌హాల్ అడిగేది కాదంట. ఇంత తేడా ఏంటసలు? యాక్సియల్ కంప్రెసర్ (వరసలుగా ఉన్న బ్లేడ్లతో గాలిని తిన్నగా వెనక్కి నెడుతూ నొక్కేది) పెట్టడమే తప్పు అని మా క్లాస్‌లో ఒకడు వాదిస్తున్నాడు, నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

టర్బైన్_పిచ్చి:
నమ్మకు తమ్ముడూ. ఇవాళ పెద్ద విమానాల ఇంజన్లన్నీ యాక్సియలే, ఆ దారిలో వేలల్లో తయారైన మొదటి ఇంజన్ ఇదే. అసలు గొడవంతా మెటీరియల్‌తో. ఈ ఇంజన్ డిజైనర్ ఆన్‌సెల్మ్ ఫ్రాంజ్ టీమ్ జర్మనీలోని డెస్సౌలో మొదట చేసిన 004ఏ లో నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం ఎంత కావాలంటే అంత వాడారు, 1940 అక్టోబర్‌లో టెస్ట్ బెంచ్ మీద తిరిగింది, 1942 జూలై 18న దాంతోనే మీ 262 ఎగిరింది. కానీ యుద్ధంలో ఆ లోహాలు దొరకవు కాబట్టి 004బి కి వచ్చేసరికి అన్నీ మార్చాల్సొచ్చింది, కంబషన్ క్యాన్లు (ఇంధనం మండే డబ్బాలు) మామూలు స్టీలుతో చేసి పైన అల్యూమినియం పూత పూశారు, టర్బైన్ బ్లేడ్లేమో నికెల్ బదులు మాంగనీస్ కలిపిన క్రోమడూర్ అనే స్టీలు రేకుతో లోపల బోలుగా చేసి ఆ బోలులోంచి చల్లగాలి పంపేవాళ్ళు. అంత నాసిరకం సరుకుతో 900 కిలోల థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) తీశారంటే నా దృష్టిలో అది డిజైన్ గొప్పతనమే. బ్రిటిష్ వాళ్ళ చేతిలో నిమోనిక్ అనే నికెల్ మిశ్రమం ఉంది, తేడా అక్కడొచ్చింది.

వైబ్రేషన్_ల్యాబ్:
పైన అన్నగారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతా. 1943లో టర్బైన్ బ్లేడ్లు విరిగిపోవడం మొదలైంది. ఆరు కంబషన్ క్యాన్లు, వెనక మూడు స్ట్రట్లు (ఆధారంగా ఉండే కడ్డీలు), వీటి వల్ల పుట్టే అదురు ఫుల్ స్పీడ్‌లో బ్లేడ్ సహజ ఫ్రీక్వెన్సీతో (మీటితే అది తనంతట అదురే వేగంతో) కలిసిపోయి అదురు బాగా పెరిగేది, దీన్నే రెజొనెన్స్ అంటారు. ఆ ఫ్రీక్వెన్సీ ఎంతో తేల్చడానికి ఫ్రాంజ్ ఒక సంగీత విద్వాంసుడిని పిలిపించాడు, ఆయన వయోలిన్ కమానుతో బ్లేడ్‌ని మీటి ఆ మోత ఏ శ్రుతిలో ఉందో చెవితోనే చెప్పాడంట! తర్వాత మాక్స్ బెంటెలె అనే ఇంజనీరు సలహాతో బ్లేడ్లని చివర వైపు ఇంకాస్త సన్నగా చేసి, 1 మిల్లీమీటరు పొడవు తగ్గించి, ఆర్‌పీఎం 9000 నుంచి 8700 కి దించారు. నేను పాఠం చెప్పేటప్పుడు రెజొనెన్స్‌కి ఇదే ఎగ్జాంపుల్ ఇస్తా.

ఒహాయో_తెలుగు:
మాకు దగ్గర్లో డేటన్‌లో ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది, అక్కడ జూమో 004 ని కోసి లోపల కనపడేలా పెట్టారు. ముందు ముక్కులో రీడెల్ అనే చిన్న టూ-స్ట్రోక్ మోటారు ఉంటుంది, దానికో లాగే రింగు, ఎలక్ట్రిక్ స్టార్ట్ పని చెయ్యకపోతే పాత జనరేటర్‌కి తాడు లాగినట్టు చేత్తో లాగి స్టార్ట్ చెయ్యడమే. ఇంజన్ లైఫ్ పైలట్ చేతిలో కూడా ఉండేది, థ్రాటిల్ గబుక్కున తోస్తే ఇంధనం ఎక్కువై టర్బైన్ మాడిపోవడమో మంట ఆరిపోవడమో జరిగేది. అందుకే ల్యాండింగ్‌లో స్పీడ్ తగ్గాక మళ్ళీ వెంటనే పుంజుకోలేకపోయేవి, మిత్రదేశాల ఫైటర్లు ఎయిర్‌ఫీల్డ్‌ల దగ్గర కాపు కాసి సరిగ్గా అప్పుడే కొట్టేవి.

చరిత్ర_చదువరి:
టెక్నాలజీ బాగానే మాట్లాడుకుంటున్నాం గానీ వీటిలో చాలా ఇంజన్లు నార్డ్‌హౌసెన్ దగ్గర కొండ కింద సొరంగాల్లో బలవంతంగా పట్టుకొచ్చిన మనుషులతో చేయించారండి. ఆ పక్కనే మిట్టెల్‌బౌ-డోరా అనే నాజీ నిర్బంధ క్యాంపు, అక్కడికి తెచ్చిన సుమారు 60 వేలమంది ఖైదీల్లో దాదాపు 20 వేలమంది చనిపోయారు. ఆకలితో నిద్రలేక వణికే చేతులతో బిగించిన ఇంజన్ల క్వాలిటీ గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట వదిలేస్తే నాకు అన్యాయం అనిపిస్తుంది.

మెకానికల్_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్సండీ, చరిత్ర గారూ ఈ విషయం నాకు అస్సలు తెలీదు. యుద్ధం అయిపోయాక ఆ ఇంజన్ ఏమైంది మరి?

టర్బైన్_పిచ్చి:
సోవియట్లు దాన్నే ఆర్‌డీ-10 పేరుతో తయారు చేశారు, 1946 ఏప్రిల్‌లో ఎగిరిన యాక్-15 లో ఉన్నది అదే. చెక్ వాళ్ళు మీ 262 నే ఎస్-92 అని చేసుకున్నారు. ఫ్రాంజ్ అమెరికా వెళ్ళి లైకమింగ్‌లో టీ53, టీ55 టర్బోషాఫ్ట్‌లు (హెలికాప్టర్ రెక్కల్ని తిప్పే తరహా టర్బైన్ ఇంజన్లు) డిజైన్ చేశాడు. 2019 నుంచి మన ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్న చినూక్ హెలికాప్టర్లలో తిరుగుతున్నది ఆ టీ55 కుటుంబం ఇంజనే.