మాడెన్ డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్: చెయ్యి బలం చూడాలా, గురి చూడాలా?

ఏనుమాముల_లెక్కలు

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. పగలు ఏనుమాముల మార్కెట్‌లో ఒక ఆడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను, రాత్రి తిన్నాక మాడెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడతాను. డల్లాస్‌లో ఉండే మా బావ రెండేళ్ల కింద ఈ ఆట నేర్పించాడు. ఇప్పుడు ఎనిమిది మందిమి కలిసి ఒక లీగ్ నడుపుతున్నాం, మిగతా టీములు కంప్యూటర్‌వి. ఆదివారం పొద్దున ఆరున్నరకు, అంటే బావ వాళ్లకు శనివారం రాత్రి ఎనిమిదికి, మా డ్రాఫ్ట్, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం, ఉంది. ఆలోపు ఒక విషయం తేల్చుకోవాలి.

పోయిన సీజన్‌లో నా క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరేవాడికి, త్రో పవర్ (చెయ్యి బలం) 95. ఆ నంబరు చూసే తీసుకున్నా. ఎంత దూరమైనా విసిరేవాడు. కానీ ఆఖరి మ్యాచ్ గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. నాలుగో క్వార్టర్, ఇంకా నిమిషంన్నర ఉంది, నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, మూడు గజాలు కావాలి. స్లాంట్ పెట్టాను. రిసీవర్ (బంతి పట్టేవాడు) ఏటవాలుగా లోపలికి కోసుకుంటూ వచ్చాడు, డిఫెండర్ రెండడుగులు వెనకబడ్డాడు. బటన్ నొక్కాను. బంతి వాడి నడుం వెనక్కి పోయింది. పరుగు ఆపి, ఒళ్లు తిప్పి చెయ్యి పెట్టేసరికి వేళ్లకు తగిలి పైకి లేచింది, వెనకున్నవాడు ఎగిరి పట్టుకుపోయాడు. గట్టిగా ఐదు గజాల త్రో అది.

ఇప్పుడు నా ముందు ఇద్దరున్నారు. మొదటివాడు: త్రో పవర్ 95, స్పీడ్ 88, యాక్యురసీ (గురి) దగ్గరికి 77, మధ్య దూరానికి 74, దూరానికి 79, ఒత్తిడిలో విసరడం 70. రెండోవాడు: త్రో పవర్ 88, స్పీడ్ 74, యాక్యురసీ దగ్గరికి 85, మధ్యకు 83, దూరానికి 77, ఒత్తిడిలో 82. అవేర్‌నెస్ (ఆటను పసిగట్టే తెలివి) ఇద్దరికీ అరవైల్లోనే. బావేమో కళ్లు మూసుకుని మొదటివాణ్ని తీసుకోమంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

పరకాల_సెట్టర్

తమ్మీ, ముందు ఒకటి చెప్పు. మ్యాచ్‌లో బంతి విసిరేది నువ్వా, కంప్యూటరా? కంట్రోలర్ నీ చేతిలో ఉంటే అవేర్‌నెస్ నంబరు గురించి పెద్దగా ఆలోచించకు. ఎవరు ఖాళీగా ఉన్నారో చూసేది నీ కళ్లు, ఎప్పుడు విసరాలో తేల్చేది నీ బొటనవేలు. ఆ నంబరుకు ఎక్కువ పని పడేది ఆట తనంతట తాను నడిచినప్పుడు. కాబట్టి ఇద్దరికీ అరవైల్లో ఉందని బాధపడాల్సిన పని లేదు.

ఇంక గురి సంగతి. నేను పదకొండేళ్లు మా ఊరి వాలీబాల్ టీమ్‌లో సెట్టర్‌గా ఆడాను. స్మాషర్ ఎంత పోటుగాడైనా, నేను లేపిన బంతి వాడి భుజానికి జానెడు వెనక పడిందంటే వాడు గాల్లోనే వంగిపోతాడు, కొట్టాల్సింది పోయి అవతలికి తోసి ఊరుకుంటాడు. చూసేవాళ్లు స్మాషర్‌ని తిడతారు. తప్పు నాదని నాకు తెలుసు. అదే బంతి వాడి చెయ్యి ఎక్కడికొస్తుందో అక్కడ ఆగినట్టు నిలబెడితే, సాదాసీదా ఆటగాడు కూడా అవతలి కోర్టులో దుమ్ము లేపుతాడు. నీ స్లాంట్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ఛాతీకి ముందు పడితే రిసీవర్ వేగం తగ్గకుండా పట్టుకుని ఇంకో ఆరేడు గజాలు లాగుతాడు. నడుం వెనక పడితే, పట్టినా అక్కడే కూలబడతాడు. స్కోర్ షీట్‌లో ‘పాస్ అందింది’ అని ఒకటే రాస్తారు గానీ, ఆ రెండు పాసులూ ఒకటి కాదు.

అందుకే నేనెప్పుడూ ఒక పని చేస్తాను, నువ్వూ చెయ్యి. పోయిన సీజన్ మ్యాచులు మూడు నాలుగు మళ్లీ చూసి, నువ్వు విసిరిన ప్రతి బంతీ ఎంత దూరం పోయిందో ఒక కాగితం మీద గీతలు పెట్టు. నావి లెక్కపెట్టుకున్నప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. దూరం విసురుతానని అనుకునేవాణ్ని, కాగితం మీద మాత్రం గీతలన్నీ పది, పన్నెండు గజాల దగ్గరే గుంపుగా పడ్డాయి. గురికి ఆట మూడు వేర్వేరు నంబర్లు ఇచ్చింది కదా. నీ గీతలు ఎక్కడ గుంపు కడితే ఆ దూరానికి ఉన్న నంబరే నీకు ముఖ్యం. మిగతావి తర్వాత.

త్రో పవర్ వద్దని నేననను. మైదానం ఈ కొస నుంచి ఆ కొస గీత దగ్గరికి అవుట్ రూట్ (రిసీవర్ పక్క గీత వైపు తిరిగే పరుగు) మీద విసిరేటప్పుడు బలం లేకపోతే బంతి గాల్లో ఈదుకుంటూ పోతుంది, ఆలోపు డిఫెండర్ వచ్చి నిలబడతాడు. అక్కడ 95 ఉన్నవాడు బంగారం. కానీ 88 అంటే తక్కువేం కాదు. బటన్ ఒత్తి పట్టుకుని బుల్లెట్ పాస్ (నేరుగా, వేగంగా పోయే బంతి) వేస్తే ఆ త్రోలు చాలావరకు అందుతాయి. ఇంకో మాట, వెనక్కి పరిగెత్తుతూ విసరకు. పాదాలు కుదురుకున్నాక విసిరిన బంతికీ, జారుకుంటూ విసిరిన బంతికీ ఈ ఆటలో చాలా తేడా ఉంటుంది. మంచి గురి ఉన్నవాణ్ని తెచ్చుకుని వాడి పాదాలు ఆడిస్తూ విసిరితే, డబ్బు పెట్టి కొన్నది నువ్వే పాడుచేసుకున్నట్టు.

అసలు ఆటలో కూడా ఇదే చూశాం. టామ్ బ్రేడీని 2000 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్ దాకా ఎవరూ ముట్టలేదు, 199వ పిక్‌లో పోయాడు. 40 గజాల పరుగు 5.28 సెకన్లు, క్వార్టర్‌బ్యాక్‌లలో కూడా అది నెమ్మదే. ఏడు సూపర్ బౌల్స్, అంటే అక్కడి లీగ్ ఫైనల్స్, గెలిచాడు. డ్రూ బ్రీస్ పొట్టివాడన్నారు, ఆరడుగులే. 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో 39 పాసులు విసిరితే 32 అందాయి. ఆ మ్యాచ్ దొరికితే కూర్చుని చూడు, బంతి ప్రతిసారీ రిసీవర్ ఎటు పరిగెత్తుతున్నాడో అటు వైపు భుజం దగ్గరికే పోతుంది. నేనైతే దాన్ని సెట్టర్ కళ్లతోనే చూశాను.

నా ఓటు రెండోవాడికి.

ఖని_సెకండ్‌షిఫ్ట్

పరకాల అన్న చెప్పింది కాదనను గానీ, ఒకటి అడగకుండానే తీర్పు చెప్పేశాడు. తమ్మీ, నీ ఆఫెన్సివ్ లైన్ ఎట్లా ఉంది? ముందు నిలబడే ఆ ఐదుగురు రెండు సెకన్లు కూడా ఆపలేకపోతే, ఎంత గురి ఉన్నా విసిరే టైమ్ ఎక్కడిది? మాది గోదావరిఖని. సెకండ్ షిఫ్ట్ దిగొచ్చి రాత్రి ఒంటిగంటకు ఆడతాను, నా లైన్ ఎప్పుడూ బలహీనమే, జీతాల పరిమితిలో అందరినీ కొనలేం కదా. స్పీడ్ ఉన్న క్వార్టర్‌బ్యాక్ లేకుంటే నా సీజన్ నడవదు. వాడు పరిగెత్తుతాడన్న భయంతోనే అవతలివాళ్లు ఒక మనిషిని వాడి మీద కాపలా పెడతారు, ఆ మేరకు రిసీవర్ల దగ్గర ఒకడు తగ్గుతాడు. క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ 2019లో 1,206 గజాలు పరుగుతోనే తీశాడు, ఆ ఏడాది ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) వాడే. 2004 మాడెన్‌లో మైకేల్ విక్‌కి స్పీడ్ 95 ఇచ్చారు, ఆ కాలంలో ఆడినవాళ్లెవరినైనా అడుగు, వాడితో ఆడితే ఎలా ఉండేదో చెబుతారు.

లైన్ మంచిగా ఉంటే రెండోవాడు. లేకుంటే మీ బావ మాటే వినాలి.

మానేరు_గట్టు

నేను కరీంనగర్ నుంచి. నేను కంట్రోలర్ ముట్టుకోను, టీమ్ కట్టి సీజన్ మొత్తం సిమ్యులేట్ చేస్తాను, అంటే మ్యాచులు కంప్యూటరే ఆడుతుంది. నా పద్ధతిలో అవేర్‌నెస్ వదిలేస్తే మునిగిపోతాం, కాబట్టి సెట్టర్ అన్న మొదట అడిగిన ప్రశ్న చాలా సరైనది.

ఏనుమాముల అన్నా, మీరు రాసినవాటిలో అందరూ దాటేసిన నంబరు ఒకటుంది: ఒత్తిడిలో విసరడం, 70కి 82. ఖని అన్న అడిగిన లైన్ ప్రశ్నకు జవాబు కొంత అందులోనే ఉంది. లైన్ పగిలినప్పుడు పారిపోవడం ఒక దారి, మీదికి వస్తున్నా నిలబడి విసరడం ఇంకో దారి. రెండోవాడు ఆ రెండో దారి మనిషి. వాళ్ల వయసు కూడా చూడండి. వయసు పైబడుతుంటే ముందు పడిపోయేది స్పీడే, గురి మీద బతికేవాడు ఎక్కువ కాలం పనికొస్తాడు.

ఏనుమాముల_లెక్కలు

అందరికీ చాలా థాంక్స్. సెట్టర్ అన్న చెప్పినట్టే కూర్చున్నా. నాలుగు మ్యాచులు మళ్లీ చూసి తక్‌పట్టీ కాగితాల వెనక గీతలు పెట్టాను. అన్నా, మీకు పడ్డట్టే నాకూ పడ్డాయి. 15 గజాలు దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తర్వాత ప్రాక్టీస్‌లో, ఈ ఇద్దరి నంబర్లకు దగ్గరగా ఉన్న ఆటగాళ్లను తీసుకుని, అదే స్లాంట్, అదే రిసీవర్, ఒక్కొక్కరితో 30 సార్లు విసిరాను. పాదాలు కదపకుండా. మొదటి రకంవాడి బంతుల్లో తొమ్మిది రిసీవర్ వెనక్కి పోయాయి. రెండో రకంవాడివి మూడు. ఆ మూడు కూడా చేతికి అందే దూరంలోనే. ఒకటి మాత్రం మళ్లీ మళ్లీ చూశాను: బంతి ఛాతీకి అరజానెడు ముందు పడింది, రిసీవర్ తల కూడా తిప్పకుండా పట్టుకుని పోయాడు. సెట్టర్ అన్న చెప్పిన ‘నిలబెట్టడం’ అంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

ఖని అన్నా, నా లైన్‌లో ఎడమ వైపు ఇద్దరు గట్టివాళ్లే, కుడి వైపు బలహీనం. మూడో రౌండ్‌లో కుడి టాకిల్‌ని (లైన్‌లో ఆ కొసన నిలబడేవాణ్ని) చూస్తాను. మానేరు అక్కా, రెండోవాడికి 22 ఏళ్లు, మొదటివాడికి 23.

బావకు ఫోన్ చేసి రెండోవాణ్నే తీసుకుంటున్నానని చెప్పాను. అయితే మొదటివాణ్ని తనే తీసుకుంటానన్నాడు. సీజన్ మొదటి మ్యాచ్ మా ఇద్దరికే పడింది. నాలుగో డౌన్ వస్తే నేను పెట్టేది మళ్లీ ఆ స్లాంటే.