ఈఆర్ మొదటి సీజన్ 19వ ఎపిసోడ్: డాక్టర్ గ్రీన్ తప్పు ఎక్కడ జరిగింది? (కథంతా చెప్పేశాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి)

రెండోఆట:
పాత అమెరికన్ సీరియలే, ఆస్పత్రి ఎమర్జెన్సీ గది కథలు. 1995 మార్చి 9న ఎన్‌బీసీలో వచ్చిన ‘లవ్స్ లేబర్ లాస్ట్’. ముప్పై ఏళ్లయినా ఆ బిగి సడల్లేదు. నెలలు నిండిన జోడీ మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందని వస్తుంది. డాక్టర్ గ్రీన్ చూసి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మందులు రాసి పంపేస్తాడు. కాసేపటికే ఫిట్స్‌తో తిరిగొస్తుంది, అసలు జబ్బు గర్భంలో పెరిగిన బీపీ అని అప్పుడు తేలుతుంది. నొప్పులు రప్పించడం, బిడ్డ భుజం ఇరుక్కోవడం, తలను వెనక్కి నెట్టడం, ఎమర్జెన్సీ గదిలోనే పొట్ట కోయడం, చివరికి బిడ్డ దక్కి తల్లి పోవడం. అరుపుల కంటే, ఆ భర్త ప్రతిసారీ ‘అంతా బాగానే ఉంది కదా’ అన్నట్టు డాక్టర్ మొహంలోకి చూడటమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వైద్యం తెలిసినవాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షనూ బీపీ జబ్బూ ఒకదానికొకటి అనిపించేంత దగ్గరగా ఉంటాయా? ఫిట్స్ రాగానే ఆపరేషన్ చేసేయకుండా నొప్పులు ఎందుకు రప్పించారు? బయటికొచ్చిన తలను లోపలికి నెట్టడం నిజంగా ఉందా, సినిమా కల్పనా? బిడ్డను తీసేశాక కూడా రక్తం ఎందుకు ఆగలేదు?

కాన్పుగది_నైట్‌డ్యూటీ:
అందరూ భుజం దగ్గర తప్పు వెతుకుతారు. నన్నడిగితే తప్పు మొదటి పది నిమిషాల్లోనే అయిపోయింది. మిగతాదంతా దాని వడ్డీ.

గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ దాకా తెచ్చే ఈ జబ్బునే మన ఊళ్లలో గుర్రపువాతం అంటారు. నెలలు నిండిన మనిషికి మాటిమాటికీ మూత్రం రావడం మామూలు, తల కిందికి దిగితే మరీను. మూత్రంలో చీము కణాలు కనబడితే ఇన్ఫెక్షన్ అనుకోవడంలోనూ తప్పులేదు. చిక్కెక్కడంటే, మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ మీద ప్రొటీన్ రంగు కూడా మారితే దాన్ని ‘ఇన్ఫెక్షన్ వల్లేలే’ అని కొట్టిపారేయడం చాలా సులువు. ఇన్ఫెక్షన్‌లో కొంచెం ప్రొటీన్ పడొచ్చు, తెల్లబట్ట కలిసినా పడొచ్చు. అందుకే శుభ్రం చేసుకుని, మధ్యధార పట్టించి మళ్లీ చూడాలి. 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ, నాలుగు గంటల తేడాతో రెండుసార్లు వస్తే, దానికి మూత్రంలో ప్రొటీన్ కూడా తోడైతే ఇన్ఫెక్షన్ ఉన్నా లేకపోయినా ఇది గుర్రపువాతమే. రెండూ ఒకేసారి ఉండకూడదని రూలేమీ లేదు. అప్పుడు ఇంటికి పంపరు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు), లివర్ ఎంజైములు, కిడ్నీల కోసం క్రియాటినిన్ రక్తపరీక్షలకు పంపిస్తారు. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే జబ్బు ముదిరినట్టే. పై బీపీ 160 లేదా కింది బీపీ 110 తాకితే రెండో కొలతకు నాలుగు గంటలు కూర్చోరు. పావుగంటలో మళ్లీ చూసి మందు మొదలుపెడతారు.

బీపీ కొలవడంలోనే సగం పొరపాట్లు దొర్లుతాయి. ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టి పైకి ఉన్న చేతికి కడితే, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనిక ఇచ్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. తలనొప్పి ఉందా, కళ్లు మసకబారుతున్నాయా, కుడి డొక్క పైన నొప్పి ఉందా అని మూడు ప్రశ్నలు అడగడానికి అర నిమిషం చాలు.

ఫిట్స్ వచ్చాక సీరియల్‌లో మెగ్నీషియం ఇస్తారు, అది సరైనదే. ఒక సరదా సంగతి: ఫిట్స్‌కు వాడే వేరే మందులు డయాజిపామ్, ఫెనిటాయిన్‌ల కంటే మెగ్నీషియం సల్ఫేటే మేలని తేల్చిన పెద్ద అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చింది 1995 జూన్‌లో, అంటే ఈ ఎపిసోడ్ తర్వాత మూడు నెలలకు. అమెరికా వాళ్లు అప్పటికే దాన్ని వాడుతున్నారు.

మెగ్నీషియం ఇవ్వడంలో మన దగ్గర ఎక్కువగా కనబడేది ప్రిచర్డ్ పద్ధతి. ఆంపూల్‌కి 2 మి.లీ., అందులో 1 గ్రాము. నాలుగు ఆంపూళ్లు, అంటే 8 మి.లీ., 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 20 మి.లీ. చేసి నరంలోకి కనీసం ఐదు నిమిషాలు పట్టేలా మెల్లగా ఎక్కిస్తారు. వెంటనే పిరుదుకు ఐదేసి గ్రాముల చొప్పున రెండు వైపులా కండలోకి. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, పక్క మార్చి మార్చి. ప్రతి డోసుకు ముందు మోకాలి మీద కొట్టి చూడాలి, కాలు ఎగరాలి. ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు. మూత్రం గంటకు 30 మి.లీ. పడాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా డోసు ఆపేస్తారు. ఊపిరి మందగిస్తే విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., పది నిమిషాల్లో మెల్లగా. ఆ ఆంపూల్ మంచం పక్కనే ఉండాలి, స్టోర్‌రూమ్‌లో కాదు.

మత్తుమందు_మాస్టారు:
ఆపరేషన్ వెంటనే ఎందుకు చేయలేదన్నదానికి నేను చెప్తాను. ఫిట్ వచ్చినప్పుడు బిడ్డ గుండె వేగం పడిపోతుంది. తల్లికి ఆక్సిజన్ అంది, ఫిట్ ఆగి, ఎడమపక్కకు తిప్పితే చాలాసార్లు కొన్ని నిమిషాల్లో కోలుకుంటుంది. ఆ పడిపోయిన అంకె చూసి కంగారుగా థియేటర్‌కు పరుగెడితే బీపీ 170 మీదున్న, మెదడు వాచిన మనిషికి మత్తివ్వాల్సి వస్తుంది. గొంతులో గొట్టం వేసేటప్పుడు బీపీ ఇంకా ఎగిసి మెదడులో రక్తం చిట్లే ప్రమాదం ఉంది. గొంతు లోపల వాపు వల్ల గొట్టం దూరకపోవచ్చు కూడా. సరే నడుముకు మత్తిద్దామంటే ప్లేట్‌లెట్లు తక్కువైతే వెన్నులో రక్తం గడ్డకట్టొచ్చు. పైగా ఒంట్లో మెగ్నీషియం ఉంటే కండరాలను సడలించే వెక్యురోనియం లాంటి మందుల ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. అందుకని ముందు తల్లిని స్థిరపరచడం, ఆ తర్వాత కాన్పు. గర్భాశయ ద్వారం అనుకూలంగా ఉంటే నొప్పులు రప్పించడం పద్ధతే. గ్రీన్ ఇక్కడ తప్పు చేశాడని నేననను. ఆ పని ఎమర్జెన్సీ గదిలో, కాన్పుల డాక్టర్ పక్కన లేకుండా మొదలుపెట్టడమే తప్పు.

ఇక రక్తం. సీరియల్‌లో మాయ ముందే విడిపోయిందని తెలుస్తుంది. బీపీ జబ్బులో దీని ముప్పు ఎక్కువ. మాయ వెనక రక్తం పేరుకుపోయి బయటికి కొంచెమే కనబడొచ్చు, అందుకే పోయిన రక్తం అంచనా తక్కువ పడుతుంది. విడిపోయిన చోటు నుంచి గడ్డకట్టించే పదార్థాలు తల్లి రక్తంలోకి పోయి ఒళ్లంతా సన్నని గడ్డలు కట్టిస్తాయి. దాంతో గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అయిపోయి, ఆ తర్వాత కుట్టు వేసిన చోటా, సూది గుచ్చిన చోటా కారుతూనే ఉంటుంది. బిడ్డను తీసినంత మాత్రాన అది ఆగదు.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోపు మంచం పక్కనే తెలుసుకోవచ్చు. 5 మి.లీ. రక్తం మామూలు గాజు ట్యూబులో పోసి కదపకుండా పెట్టాలి. 7 నుంచి 10 నిమిషాల్లో గట్టి గడ్డ కట్టకపోయినా, కట్టి కరిగిపోయినా గడ్డకట్టే శక్తి పోయినట్టే. ప్లాస్టిక్ ట్యూబు వద్దు, గాజే కావాలి. అప్పుడు ఎర్ర కణాలొక్కటే ఎక్కిస్తూ పోతే రక్తం ఇంకా పలచబడుతుంది. ప్లాస్మా, క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువుండే రక్తభాగం), ప్లేట్‌లెట్లు కూడా వెంటే నడవాలి. ఒంటిని వెచ్చగా ఉంచడం చాలామంది మర్చిపోతారు, చల్లబడిన రక్తం గడ్డకట్టదు.

కాన్పుగది_నైట్‌డ్యూటీ:
మాస్టారూ, నొప్పులు రప్పించడం వరకు ఒప్పుకుంటా. కానీ పైనుంచి కాన్పుల డాక్టర్ రాకపోతే ఇంకో డాక్టర్ని పిలవాలి, ఇంకో ఆస్పత్రికైనా ఫోన్ చేయాలి. ‘నేనే చూసుకుంటాను’ అన్న ధైర్యం ఆ ఎపిసోడ్‌లో అసలు విలన్.

తల వెనక్కి నెట్టడం ఉంది. జవనెల్లీ అంటారు. కానీ అది అన్నీ విఫలమయ్యాక చేసేది. తల బయటికొచ్చి తాబేలు మెడలా లోపలికి లాక్కుంటే భుజం ఇరుక్కుందని అర్థం. ముందు చెయ్యాల్సింది టైమ్ గట్టిగా చెప్పి మనుషుల్ని పిలవడం. రెండు తొడలూ పొట్ట మీదికి బాగా మడిచి పట్టుకోవాలి, చాలా కేసులు దీనితోనే తేలిపోతాయి. తేలకపోతే మడిచి పట్టుకునే, పొత్తికడుపు అడుగున ఉండే ఎముకకు సరిగ్గా పైన, బిడ్డ వీపు వైపు నుంచి అరచేతి మడమతో ఒత్తాలి. పొట్ట పైభాగం మీద మాత్రం ఎవరూ నొక్కకూడదు. నొక్కితే భుజం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, గర్భసంచి చిట్లొచ్చు. తల పట్టుకుని కిందికి గుంజినా బిడ్డ చెయ్యి చచ్చుబడొచ్చు. తర్వాత లోపల చెయ్యి పెట్టి భుజాన్ని తిప్పడం, లేదా వెనక చెయ్యిని ఛాతీ మీదుగా లాగి తీయడం. మోకాళ్లూ చేతుల మీద బోర్లా తిప్పడం కూడా పనిచేస్తుంది గానీ ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుముకు మత్తు) ఇచ్చిన మనిషికి కష్టం. ఐదు నిమిషాలు దాటేకొద్దీ బిడ్డ మెదడుకు ముప్పు పెరుగుతుంది.

స్టెడీక్యామ్_శ్రీను:
ఒక్క మాట తెర గురించి. ఇది నమ్మేట్టు ఎందుకుందంటే రాసిన లాన్స్ జెంటీల్ స్వయంగా ఎమర్జెన్సీ డాక్టర్. దర్శకురాలు మిమీ లెడర్. ఇద్దరికీ దీనికే ఎమ్మీలు వచ్చాయి. మామూలుగా ఈఆర్‌లో ఒకేసారి నాలుగైదు కేసులు నడుస్తాయి, ఊపిరి తీసుకోవడానికి కట్‌లు దొరుకుతాయి. ఇందులో కథ పోనుపోను ఒకే గదిలో, ఒకే మంచం చుట్టూ ఇరుకవుతుంది. మనం పక్క గదికి పారిపోలేం. అదే టెన్షన్. వైద్యం పదాలు అర్థం కాకపోయినా ఎవరి గొంతు ఎప్పుడు మారిందో అర్థమవుతుంది.

రెండోఆట:
ఇద్దరు డాక్టర్లకూ దండాలు. ఇంకొక్కటి. కాన్పు అయిపోతే ఆ జబ్బు పోయినట్టేనా?

కాన్పుగది_నైట్‌డ్యూటీ:
కాదండీ. మాయ పోయాక తగ్గుముఖం పడుతుంది, కానీ ఫిట్స్ కాన్పయ్యాక కూడా రావొచ్చు. ఎక్కువ ముప్పు మొదటి 48 గంటల్లో. అందుకే మెగ్నీషియం కాన్పు తర్వాత, లేదా చివరి ఫిట్ తర్వాత, ఏది ఆలస్యమైతే దాన్నుంచి 24 గంటలు కొనసాగిస్తారు. ఇంటికెళ్లాక బాలింతకు విపరీతమైన తలనొప్పి, చూపు మసక వస్తే ‘పచ్చి ఒళ్లు, నిద్రలేక’ అని అమృతాంజనం రాసి ఊరుకోకండి, బీపీ చూపించండి. గర్భిణులకైతే ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఉచితంగా చూస్తారు, బీపీ, మూత్రం రెండూ అడిగి మరీ చేయించుకోండి. ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్లకు మళ్లీ గర్భం వస్తే 12 వారాల నుంచే తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తారు, డాక్టర్ని అడిగాకే సుమా.