పిల్లల భాషా లోపం మోడల్: టెస్ట్‌లో 90 పైన, మా పిల్లల దగ్గర అంతా తప్పు

మారతహళ్ళి ఎంటెక్: పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర పనిచేయట్లేదు. బొమ్మలు చూసి పిల్లలు చెప్పిన కథల్ని బట్టి భాషా లోపం ఉందో లేదో చెప్పే రాండమ్ ఫారెస్ట్ (చాలా డెసిషన్ ట్రీల ఓట్లతో తేల్చే మోడల్) కట్టాను. టెస్ట్‌లో యాక్యురసీ 90 దాటింది. మా అపార్ట్‌మెంట్ పిల్లల రికార్డింగులు ఇస్తే మాత్రం అందరికీ లోపం ఉందంటోంది! గలగలా మాట్లాడే పిల్లలండీ. ట్రీల సంఖ్య మార్చాను, స్మోట్ (తక్కువున్న గుంపుకి కృత్రిమ ఉదాహరణలు కలపడం) పెట్టాను, ఏం లాభం లేదు. గైడ్‌కి చూపించాలి, ఎవరైనా చెప్పండి.

కోరమంగళ డేటా: ఏ డేటా? ఏ భాష? ట్రైన్, టెస్ట్ భాగాలుగా స్ప్లిట్ ఎలా చేశారు?

జయనగర్ స్పీచ్ థెరపిస్ట్: అసలు మీ లేబుల్ ఏమిటి, ఏ పిల్లలకి లోపం ఉందని ఏ లెక్కన రాశారు? ఎస్‌ఎల్‌ఐ (స్పెసిఫిక్ లాంగ్వేజ్ ఇంపెయిర్‌మెంట్) అయితే అది పాత కొలత. మాటలతో పనిలేని తెలివితేటల పరీక్షలో మామూలు స్కోరు రావాలని షరతు ఉండేది. మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతి బిషప్ వాళ్ళ కటాలీస్ నిపుణుల బృందం 2017లో డీఎల్‌డీ (డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్) అని ఖాయం చేశాక ఆ షరతు పోయింది. ఇప్పటికీ ప్రాజెక్టుల్లో పాతదే పట్టుకు వేలాడుతున్నారు.

హెబ్బాళ: పేరు మారిస్తే మోడల్ బాగుపడదు కదండీ.

జయనగర్ స్పీచ్ థెరపిస్ట్: నేనన్నది పేరు గురించి కాదు. షరతు మారితే ఏ పిల్లలు ఏ గుంపులోకి వస్తారో మారుతుంది. మీ మోడల్ నేర్చుకునేది ఆ గుంపుల నుంచే కదా.

మారతహళ్ళి ఎంటెక్: డేటా చైల్డ్స్ అనే పిల్లల మాటల ఆన్‌లైన్ భండారానిది. ఎడ్మంటన్ ఈఎన్‌ఎన్‌ఐ, గిలమ్, కాంటీ-రామ్స్‌డెన్ అనే ఇంగ్లీషు సేకరణలు మూడూ కలిపాను. డేటా పెరగాలని ఒక్కో కథని ముక్కలు చేసి రాండమ్‌గా స్ప్లిట్ చేశాను. ఫీచర్లు: సగటు వాక్యం పొడవు, ‘ఈజ్’, ‘ఆర్’ వదిలేయడం, భూతకాలం ‘ఈడీ’ లెక్క. మా పిల్లలు తెలుగులో చెప్పారు, మాటల్ని రాతగా మార్చే విస్పర్ సాఫ్ట్‌వేర్‌తో టెక్స్ట్ తీశాను.

కోరమంగళ డేటా: ఒకే పిల్లాడి ముక్కలు ట్రైన్‌లోనూ టెస్ట్‌లోనూ ఉన్నాయి, అందుకే టెస్ట్ స్కోరు ఉబ్బింది. గ్రూప్ కె-ఫోల్డ్ (ఒక గ్రూప్ మొత్తం ట్రైన్‌లోనో టెస్ట్‌లోనో ఒక్కచోటే ఉంచే స్ప్లిట్) వాడండి, గ్రూప్ అంటే పిల్లాడి ఐడీ. స్మోట్ ట్రైన్ భాగం మీదే. యాక్యురసీ చూడొద్దు: ఈఎన్‌ఎన్‌ఐలో 377 మందిలో 300 మంది మామూలు పిల్లలే, అందరూ బాగున్నారన్నా దాదాపు 80 వస్తుంది. సెన్సిటివిటీ (లోపమున్నవాళ్ళలో ఎందరిని పట్టింది), స్పెసిఫిసిటీ (లేనివాళ్ళలో ఎందరిని లేదంది) విడివిడిగా చూడండి.

హెబ్బాళ: కాంటీ-రామ్స్‌డెన్ వాళ్ళు ఇంగ్లండు టీనేజర్లు, ఈఎన్‌ఎన్‌ఐ వాళ్ళు కెనడాలో 4 నుంచి 9 ఏళ్ళ పిల్లలు. మోడల్ లోపాన్ని కాక ఏ కార్పస్ (సేకరణ) అన్నది పట్టేస్తోందేమో చూసుకోండి.

ఇక తెలుగు. ‘వాడు మా అన్న’ అంటే మనకి పూర్తి వాక్యం. మీ మోడల్‌కి మాత్రం ‘ఈజ్’ మింగేసిన పిల్లాడు. ‘కుక్కపిల్ల పడిపోయింది’ రెండే మాటలు, ఇంగ్లీషులో అదే సంగతికి నాలుగు. ఇక అందరికీ లోపం కనబడక ఏమవుతుంది? మన భాషలో చూడాల్సింది ‘నాన్న వచ్చాడు’ అనాల్సిన చోట వయసు దాటినా ‘నాన్న వచ్చింది’ అంటున్నాడా, విభక్తులు సరిగ్గా పడుతున్నాయా అన్నది. పైగా పిల్లాడు తడబడి మళ్ళీ మొదలెట్టిన మాటల్ని విస్పర్ చాలాసార్లు వదిలేస్తుంది. మనకి కావాల్సిందే ఆ తడబాటు. చేత్తో రాసుకోక తప్పదు.

జయనగర్ స్పీచ్ థెరపిస్ట్: ఒక్క మాట. ఆ ఫలితాలు తల్లిదండ్రులకి దయచేసి చెప్పకండి. ఇక్కడ బెంగళూరులో మన పిల్లలకి ఇంట్లో తెలుగు, ఆటల్లో కన్నడ, బళ్ళో ఇంగ్లీషు. నిజంగా లోపముంటే వాళ్ళు మాట్లాడే అన్ని భాషల్లోనూ బయటపడుతుంది, ఒక్కదాన్ని చూసి ముద్ర వేయకూడదు. ఎవరిమీదైనా అనుమానముంటే ముందు వినికిడి పరీక్ష. నిమ్హాన్స్‌లో స్పీచ్ విభాగం ఉంది, మైసూరులో ఆయిష్ (మాట, వినికిడి సమస్యల సంస్థ) ఉంది.

హెబ్బాళ: లోపం అనడం కూడా...

కోరమంగళ డేటా: మళ్ళీ పేర్లా? గ్రూప్ కె-ఫోల్డ్ పెట్టారా లేదా?

మారతహళ్ళి ఎంటెక్: పెట్టాను, యాక్యురసీ డెబ్భైల్లోకి పడింది. థ్యాంక్సండీ. ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

రాజాజీనగర్: నాదీ ఇదే ప్రాజెక్టు. తెలుగు పిల్లల కథలు, లేబుల్‌తో, ఎవరి దగ్గరైనా ఉన్నాయా?